చీటీ రాని తమ్ముడు

ఆమెను ఆఫీసులో అందరూ బొంగరం అంటారు. ఎదురుగా అంటే ఊరుకోదు, చాటుగా అంటే వినిపించుకోదు. కుర్చీలో కుదురుగా కూర్చోవడం ఆమె జాతకంలోనే లేదు. ఉద్యోగమూ అలాంటిదే దొరికింది. పాతికేళ్ల కిందట ఎవరో ఓ పసిపిల్లల బడి పెట్టారు. సీట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ కావడంతో చీటీలు తీశారు. చీటీ వచ్చిన పిల్లలూ రాని పిల్లలూ పెద్దయ్యాక ఎలా బతుకుతున్నారో వెతికి పట్టుకుని అడిగి రావడమే ఈ ఆఫీసు పని. ఆనాటి చదువు వాళ్ల జీవితాల్లో ఎంతవరకు నిలిచిందో తేల్చాలి. ఇళ్లు మారినవాళ్లనూ ఫోన్లు మార్చినవాళ్లనూ, పాతాళంలో ఉన్నా సరే, బొంగరం లాక్కొచ్చేది.

దొరకనిది ఒక్కడే. సొంత తమ్ముడు.

ఇద్దరూ కవలలు. ఆమె కాసేపు ముందు పుట్టింది. అక్కడ కూడా తోసుకునే వచ్చిందని అమ్మ ఎగతాళి చేసేది. చీటీ కూడా ఆమెకే వచ్చింది. గేటు బయట అమ్మ చంకలో వాడు గుక్కపట్టి ఏడవడం, తాను వెనక్కి చూడకుండా లోపలికి పరిగెత్తడం ఆమెకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటాయి. వాడిప్పుడు లిఫ్టులు బాగుచేస్తాడు, మంచి పనివాడని పేరు. అయినా గ్రీజు పట్టిన వాడి గోళ్లు చూసినప్పుడల్లా ఆమె గుండె కలుక్కుమంటుంది. సొంతవాళ్లను ప్రశ్నించకూడదన్నది ఆఫీసు నియమం. సీనియర్ మేడమ్ ఎన్నిసార్లు ఫోన్ చేసినా వాడు ఎత్తడు. ఆ సీటు నాదని వాడెక్కడ అనేస్తాడోనని ఆమెకు భయం. అనకుండా లోపల దాచుకున్నాడేమోనని అంతకంటే భయం.

చివరికి వాణ్ణి రప్పించింది ఫోన్ కాదు, ఆఫీసు లిఫ్టు. పై అంతస్తు దగ్గర ఇరుక్కుని మొరాయించింది. వాడు సంచీతో వచ్చి, కింది అంతస్తులో లిఫ్టు తలుపు తెరిచి ఎవరూ పడకుండా అడ్డంగా బల్ల పెట్టి, పైన ఆఫీసు ముందరి లిఫ్టు తలుపు దగ్గర పనిలో పడ్డాడు. ఇదే అదనుగా మేడమ్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. బొంగరాన్ని కింది అంతస్తుకు తరిమేసింది.

కింద ఆమెకు కాలు నిలవలేదు. వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్లీ ఇటు. నీళ్లు తాగింది. ఎవరూ పిలవకుండానే ఫోన్ తీసి చూసుకుంది. తెరిచిన లిఫ్టు తలుపులోంచి పై మాటలు చక్కగా వినిపిస్తున్నాయి.

“ఒకటో తరగతిలో చేరేనాటికి మీకు అక్షరాలు వచ్చేవా?” మేడమ్ అడిగింది.

“ఆ, వచ్చేవండి.”

“ఎవరు నేర్పారు?”

బొంగరం ఉన్నచోటే ఆగిపోయింది.

“మా అక్క. నేర్పడమా అది, చంపుకు తినేది! తన బడిలో పొద్దున ఏ పాట చెబితే సాయంత్రానికల్లా నాకు రావాల్సిందే. తప్పు చెబితే జుట్టు పీకేది. నాకు సీటు రాలేదన్న మాటే గాని, ఆ బడి రోజూ మా ఇంటికొచ్చేదండీ.”

ఆమెకు వాడి ఏడుపు గుర్తుంది గాని, ఈ పంతులమ్మ వేషాలు ఒక్కటీ గుర్తు లేవు.

“మరి ఇన్నాళ్లూ ఫోన్ ఎందుకు ఎత్తలేదు బాబూ?”

“చీటీ రానివాణ్ణి నేను బాగానే ఉన్నానంటే, ఇంకా అలాంటి బళ్లు ఎందుకని మీ పెద్దలు అంటారేమోనని. మా అక్క కాళ్లరిగేలా తిరిగేది దానికోసమే కదా.”

మేడమ్ నిట్టూర్చింది. “మీరు చీటీ రాని పక్కే లెక్కకొస్తారు. మీరు బాగుంటే చీటీ వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ తేడా తగ్గి, ఆ బడి చేసిన మేలు కాస్త తగ్గినట్టే కనబడుతుంది. మీ అక్క చేసిన ఘనకార్యం అది. అయినా ఉన్నదున్నట్టే రాస్తాను.”

బొంగరానికి కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది. మెట్లవైపు అడుగు వేసింది, నియమం గుర్తొచ్చి ఆగింది, మళ్లీ వేసింది.

“అక్కా!” పైనుంచి వాడి కేక. “నీ చెప్పుల చప్పుడు ఆగిపోగానే తెలిసింది, వింటున్నావని. పైకి రా. తప్పు చెప్పుంటే జుట్టు పీకుదువుగాని.”