ఎండకు పెట్టిన పిండి చేపలు

ఆ ఏడు మృగశిరకు ఒక్క వాన పడి ఆగిపోయింది. ఆ తడికే మా ఆయన దేవరకొండ అవతల వానకే పండే మా చెల్కలో పత్తి గింజలు పెట్టాడు. మొలిచినవి మొలిచినట్టే మాడిపోయాయి. ఇంకో చిన్న జల్లుకు ఆశపడి మళ్లీ పెట్టాడు. మళ్లీ మొలక వచ్చింది. ఇక వాన పడకపోతే అవీ పోతాయి, మూడోసారి పెట్టడం మా వల్ల కాదు. అందుకే ఆ ఆదివారం మనిషి ఇంట్లో నిలవలేదు. మంచం మీద కూర్చునేవాడు, లేచి వాకిట్లోకి పోయి మబ్బు కోసం మొగులు చూసేవాడు, మళ్లీ వచ్చి కూర్చునేవాడు.

పిల్లలు ఆయన కాళ్లకు అడ్డం పడుతుంటే నాకు దడ. రెండో తరగతి చదివే బిడ్డ ఫోనులో ఏదో చూసింది. పిండిలో ఉప్పు కలిపి సముద్రంలో బతికేవాటి బొమ్మలన్నీ చేస్తున్నారట, ఆరితే రాయిలా అవుతాయట. "మనం గూడ చేద్దామే అమ్మా" అని కొంగు వదల్లేదు. నాలుగేళ్ల కొడుకు అక్క వెనకే.

పిండి సంగతి నాకొకరు చెప్పాలా అనుకున్నాను. రొట్టెలకు పట్టించిన జొన్నపిండి తీసి, ఉప్పు వేసి, వేడినీళ్లు పోసి పిసికాను. ఎండ్రకాయకు కాళ్లు అతికిస్తే అన్నీ విరిగి పడ్డాయి.

"ఎండ్రకాయ కుంటిదైందే అమ్మా!" అంది బిడ్డ.

"నీ నోట్ల మన్నువడ, జర ఆగు."

గోధుమపిండి డబ్బా దించాకే పని కుదిరింది. సముద్రం చూసినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. నేను వాగులో చూసిన ఎండ్రకాయ, తాబేలు చేశాను. బిడ్డ ఫోను చూస్తూ నక్షత్రం చేప, ఆక్టోపస్ చేసింది. కొడుకు ఒక ముద్దను నేలకేసి ఒత్తి "గిది తిమింగలం" అన్నాడు. పళ్లెంలో పేర్చి వాకిట్లో ఎండకు పెట్టాం. ఆరితేనే రంగులు వేయడం.

పొద్దు వాలుతుండగా పడమట మబ్బు లేచి ఎండను మూసింది. మా ఆయన మెడ ఎత్తి చూస్తున్నాడు. పళ్లెం పక్కన కూర్చున్న కొడుకు రెండు చేతులూ జోడించి గట్టిగా అరిచాడు.

"దేవుడా, వాన రావొద్దు! వాన రావొద్దు!"

నా పై ప్రాణం పైనే పోయింది. బిడ్డ ఉరికొచ్చి తమ్ముడి నోరు మూసింది.

"గట్లనొద్దురా! నాయిన చెల్క ఎండిపోతాంది."

"నా తిమింగలం ఆరలే!" అని వాడు ఏడుపు.

ఆయన మెడ దించి వాడి వైపు చూశాడు. రెండు దెబ్బలు వేసినా నాకు నిమ్మళంగా ఉండేది. మెల్లగా వాడి పక్కన కూర్చుని, "దేవుడు నీ మాట వింటడా, నా మాట వింటడా బిడ్డా?" అని అడిగాడు.

"నాదే వింటడు."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు.

పళ్లెం లోపలికి తెద్దామని వంగాను. పొద్దుటి నుంచి ఎండలో ఉన్న బొమ్మలు వేళ్లకు జిగటగా తగిలాయి, చెమట పట్టినట్టు. ఉప్పు చెమ్మగిల్లితే వాన దగ్గరుందని మా ఆడవాళ్లం అనుకునేదే. కానీ నోరు రాలేదు. ఆశపెట్టాక పడకపోతే? అయినా ఉండబట్టలేదు.

"ఏమయ్యా, గీ ఉప్పు నీరు వట్టింది జూడు."

"ఊకో. నీ పిండి బొమ్మలు చెప్తయా నాకు" అన్నాడు గానీ వేలు పెట్టి చూశాడు. ఇంకో బొమ్మ మీద కూడా పెట్టి చూశాడు.

చీకటి పడకముందే రేకుల మీద టపటపలు మొదలయ్యాయి. గట్టిగానే కొట్టింది, కానీ తొందరగా ఆగింది. ఇంతేనా అని నా మనసు కొట్టుకుంది. ఆయన అప్పటికే చెల్క బాట పట్టాడు. నేను వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. లోపలికి తెచ్చి పెట్టినా తిమింగలం చెమ్మకు మెత్తబడి పళ్లెమంతా పరుచుకుంది.

ఆయన చెల్కలో తవ్వి చూసిన మట్టి చేతులతోనే వచ్చాడు.

"తడి ఎంత దిగింది?"

"బెత్తెడు. బతుకుతయి."

అప్పుడు గడప మీద కూలబడ్డాను. కొడుకు పళ్లెం పట్టుకుని వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు.

"ఇగ రేపు ఎండ రమ్మనొచ్చా నాయినా?"

ఆయన చేయి కడుక్కుంటూ మళ్లీ మొగులు చూశాడు.

"ఇంకొక్క వాన వడనియ్‌రా."