తమ్ముడి పొట్టలోని బంధుజనం

తమ్ముడు జీవితంలో ఒంటరిగా భోంచేసిన పూట లేదు. ఎదురుగా ఎవరూ లేకపోయినా, పొట్ట మీద చెయ్యేసి, "రండర్రా, వడ్డించేశారు," అని పిలిస్తే కానీ ముద్ద ఎత్తడు. పిలిచేది పేగుల్లో కాపురముండే సూక్ష్మజీవుల్ని. "లక్షల కోట్లమందిమి అక్కా మేం. ఒక్కణ్ణే కదా అని చులకన చెయ్యకు," అంటాడు.

అతను లిఫ్టు మెకానిక్కు. చీకటి గొట్టంలో కనపడని తాళ్ళే మనుషుల్ని మోస్తాయని రోజూ చూసేవాడికి, కడుపూ అలాంటిదేననిపించడంలో వింత లేదు. వింతల్లా అతని మర్యాదల్లో ఉంది. విందులో కేకు ముక్క చేతికిస్తే, "మావాళ్ళకి పడదండీ," అని పక్కకి జరిపి, జేబులోంచి ఉడికించిన చిక్కుడు గింజలు తీసేవాడు.

"మీవాళ్ళకి కొత్తబట్టలు కూడా కుట్టమంటావా?" అక్క మిషను తొక్కుతూ అడిగేది. ఆమె స్కూలు యూనిఫారాలు కుడుతుంది. నోట్లో గుండుసూదులున్నా మాట ఆగదు.

"కొలతలు తీసుకోనివ్వరు," అనేవాడు దిగులుగా.

అక్కకి తుమ్మొస్తే యాంటీబయాటిక్. తుమ్ము రాకపోతే, వస్తుందేమోనని ఇంకోటి. "ఒక్క దొంగ కోసం ఊరంతా తగలబెడతావేం అక్కా," అని బతిమాలేవాడు.

"నీ ఊరు నువ్వేలుకో పో," అని మాత్ర గుటుక్కున మింగేది.

ఆ తర్వాత అక్కకి ఊపిరితిత్తుల్లో క్యాన్సరని తేలింది. ఒంట్లోని రక్షణశక్తినే తట్టిలేపి క్యాన్సరు మీదికి పంపే మందు ఎక్కించారు. స్కాను తీస్తే గడ్డ తగ్గలేదు. మందు మొదలయ్యే ముందు యాంటీబయాటిక్స్ వాడారా అని డాక్టరమ్మ అడిగింది. అక్క తల దించుకుంది. పక్కనే ఉన్న తమ్ముడు కిటికీలోంచి బయటికి చూశాడు.

"అందువల్లేనని చెప్పలేను," అంది డాక్టరమ్మ. "పేగుల్లో మంచి సూక్ష్మజీవులుంటే ఈ మందు కాస్త మెరుగ్గా పనిచేయొచ్చని పరిశోధనలంటున్నాయి. అంతే."

ఆ 'అంతే' అక్క వెంట ఇంటిదాకా నడిచొచ్చింది. మిషను ముందు కూర్చుంటే, ఇన్నాళ్ళూ నవ్విన నవ్వులన్నీ గుండుసూదులై ఒళ్ళో రాలాయి.

ఆ రోజుల్లోనే తమ్ముడి దవడ వాచింది. యాంటీబయాటిక్ వాడి వైద్యం చేయించుకుంటే పన్ను నిలబడుతుందన్నారు. "మావాళ్ళు ఒప్పుకోరు," అని ఏకంగా పన్నే పీకించుకొచ్చాడు.

అక్కకి ఒళ్ళు మండింది. "నేనిక్కడ చావుబతుకుల్లో ఉంటే నీకింకా వేషాలేనా? మాత్ర మింగాలంటే భయమని ఒప్పుకో."

తమ్ముడు దూది కరిచిపట్టుకుని, చిక్కుడు గింజలు నానబెట్టడానికి లేచాడు.

అసలు సంగతి ఆస్పత్రిలో తమ్ముడి ముందే డాక్టరమ్మ విప్పింది. ఆరోగ్యవంతుల మలంలోంచి సూక్ష్మజీవుల్ని వేరుచేసి, గొట్టం మాత్రల్లో నింపి రోగులకిచ్చి, మళ్ళీ పాత మందే ఎక్కించి చూస్తున్నారట. "ఇంకా ప్రయోగమే. మీ స్కాను చూసిన రోజే మీ తమ్ముడొచ్చి, తననే దాతగా తీసుకోమన్నారు. పరీక్షలన్నీ నెగ్గారు. ఈమధ్య యాంటీబయాటిక్ వాడినవాళ్ళు పనికిరారు. అందుకే పన్ను వదిలేసుకున్నారు."

అక్క చాలాసేపు అతని వాచిన దవడనే చూసింది. నోట్లో సూదులు లేకపోయినా మాట రాలేదు. వచ్చాక ఇలా వచ్చింది: "చిన్నప్పట్నుంచీ నా వాటా కూడా నువ్వే తిన్నావు. చివరికి నాకు తిరిగిచ్చేది ఇదట్రా?"

తమ్ముడు నవ్వాడు. పన్ను ఊడిన సందు చిన్న కిటికీలా తెరుచుకుంది. "కాస్త మర్యాదగా చూసుకో అక్కా. పరాయింటికొస్తున్నారు, బెంగపెట్టుకుంటారు."

మాత్రలు మింగడం అయింది. మందు మళ్ళీ ఎక్కించారు. స్కానుకి ఇంకా వ్యవధి ఉంది. ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పలేనంది.

ఆ సాయంత్రం అక్క చిక్కుడు గింజలు ఉడకబెట్టుకుంది. కంచం ముందు కూర్చుని, తలుపువైపు ఓసారి చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, పొట్ట మీద చెయ్యేసింది.

"రండర్రా," అంది గొంతు తగ్గించి. ఆపైన కాస్త ఆగి, "పాత సంగతులేవీ మనసులో పెట్టుకోకండి," అంది.