కాక పేరు మీద అడిగిన ప్రశ్న

ఆ రోజుల్లో ఫోన్లో ఇంటర్నెట్ తెరుచుకోవాలంటే ఓ కప్పు చాయ్ తాగేంత సేపు పట్టేది. నాకు కోపం రావడానికి మాత్రం అంత టైం అక్కర్లేదు. ఇరవై రెండేళ్ళ వయసు, హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పొగరు, నిద్రలో కూడా వదలని ఫోను. గోడ మీద రాతలూ మైకు కట్టిన ఆటోలూ ఇక అయిపోయాయి, ఎన్నికలన్నీ ఇంటర్నెట్‌లోనే జరుగుతాయి, వాటిని జరిపించేది నేనే అని గట్టిగా నమ్మేదాన్ని. (నవ్వకండి. అప్పట్లో నాలాంటివాళ్ళం చాలామందిమే ఉన్నాం.)

ఖమ్మంలో మా బాబాయి ఒక అభ్యర్థి ప్రచారానికి ఫ్లెక్సీలు చూసేవాడు. ఎదుటి పార్టీ ఆయనకి వెబ్‌సైట్ ఉందని తెలియగానే మా అభ్యర్థికీ ఒకటి కావాలనిపించింది. బాబాయి నాకు ఫోన్ చేశాడు. ఖానాపురం హవేలిలో వాళ్ళింట్లో దిగి, మూడు రోజుల్లో సైట్ తయారు చేశాను. అందులో నా గర్వమంతా ‘మీ ప్రశ్న – మా జవాబు’ అనే పేజీ. ఎవరైనా ప్రశ్న రాయొచ్చు, అభ్యర్థి స్వయంగా జవాబిస్తారు (స్వయంగా అంటే నేను). వారం తిరిగేసరికి మూడు ప్రశ్నలొచ్చాయి. ఒకటి పని చేస్తోందో లేదో చూడ్డానికి నేను రాసుకున్నది. ఇంకొకరు బోనకల్‌లో పొద్దున రైలు ఎన్నింటికి ఆగుతుందని అడిగారు. మూడోది ఉత్త తిట్లు. దానికి అభ్యర్థి తరఫున అంతకన్నా పెద్ద తిట్లు నేను రాస్తే, బాబాయి చూసి నెత్తి కొట్టుకుని రెండూ తీయించాడు. అభ్యర్థి ఒకే ఒక్కసారి కంప్యూటర్ ముందు కూర్చుని, సభకు జనం రానట్టు బోసిగా ఉందేందమ్మా అని లేచిపోయారు.

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ఆ మధ్యాహ్నమే ప్రచార ఆఫీసులో ఉన్న ఓటర్ల జాబితా ముందేసుకున్నాను. ఒక్కో ఊరి నుంచి ఒక్కో పేరు తీసుకుని, ఆ పేరు మీద ప్రశ్న రాసి, కింద జవాబు కూడా రాసేశాను. సాయంత్రానికి నలభై అయ్యాయి. భద్రాచలం దారిలో అడవిలోకి పోయే ఒక గూడెం పేరు నచ్చి, అక్కడి పెద్దమనిషి ఒకాయన చేత ఇలా అడిగించాను: ‘మా ఇంటి గడప దాకా సిమెంటు రోడ్డు వేయించండి సారూ, మా గూడెం ఓట్లన్నీ మీకు వేయించే బాధ్యత నాది.’ ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాసింది చాలు. తర్వాత నేను ఆయన్ని కాక అని పిలిచాను, ఇక్కడా అదే. జవాబులో అభ్యర్థి రోడ్డు వేయిస్తానని మాటిచ్చారు. బాబాయి ఇది చదివి మురిసిపోయాడు. అడవిలో ఉన్నోళ్ళు వెబ్‌సైట్ ఎక్కడ చూస్తారు, దీన్ని ఫ్లెక్సీ కొట్టిద్దాం అన్నాడు. కొట్టించాడు. కింద ఆయన పేరూ, మా వెబ్‌సైట్ పేరూ వేయించి, గూడేనికి దారి చీలే చోట, షేర్ ఆటోలు ఆగే దగ్గర కట్టించాడు.

పది రోజుల తర్వాత ఒకాయన ఆఫీసుకొచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నేను ఫోన్లోంచి తలెత్తకుండా, ఏంటంకుల్, ఎవరు కావాలి అన్నాను.

“కంప్యూటర్ల నా పేరు రాసింది నువ్వేనా బిడ్డా?”

నేనే అన్నాను, కొంచెం గొప్పగానే. మెచ్చుకోవడానికి వచ్చాడనుకున్నాను. ఆయన కూర్చోలేదు. నిలబడే, తొందర లేకుండా చెప్పాడు. వాళ్ళ గూడెంలో ఒక కట్టుబాటు ఉంది. ఎన్నికలొస్తే అందరూ ఒకచోట కూర్చుంటారు. గూడేనికి కావాల్సింది ఒక్కటి అనుకుంటారు. ఏ సారొచ్చినా అందరూ కలిసి ఆ ఒక్కటే అడుగుతారు. ఎవరూ తన ఇంటి కోసం విడిగా అడగకూడదు. ఈసారి వాగు మీద చప్టా అడగాలనుకున్నారు, ఎందుకంటే వానలొస్తే పిల్లలు బడికి దాటలేరు. అలాంటిది ఆయన ఒక్కడే తన గడపకు రోడ్డు అడిగి, ఊరి ఓట్లన్నీ రాసిచ్చినట్టు దారి మీద తలుపంత అక్షరాలతో కనిపించింది. ఎవరూ ఆయన్ని ఒక్క మాటనలేదట. ఆయన మిరప చేలోకి రావడం మాత్రం మానేశారు. అక్కడ ఒకరి చేను ఒకరు ఏరుకుంటారు, కూలీలను పిలవరు. ఆయన వంతు వచ్చి వారం దాటింది.

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. రోడ్డొస్తే మీకే కదా లాభం అని అరిచాను. ప్రచారమంటే ఇలాగే ఉంటుందన్నాను. నా అరుపు అయ్యేదాకా ఆయన ఆగాడు.

“కాయ ఎండకు రంగు పోతంది. ఇంకో నాలుగు దినాలైతే తాలు కాయే మిగుల్తది. నేనూ మా ఆడామె ఎంతని ఏర్తం? నువ్వొచ్చి నేనడగలేదని చెప్పు.”

ఒక్క నిమిషం, ఇప్పుడే తీసేస్తా అని ఫోన్ తీశాను. గిర్రున తిరిగే గుర్తును ఇద్దరం కలిసి చాలాసేపు చూశాం. చివరికి ప్రశ్న పోయింది. చూడండి, లేదు అని చూపించాను. ఆయన మర్యాదకి చూశాడు.

“మా గూడెంల ఈ ఫోను ఎవరు జూస్తరు బిడ్డా? వచ్చి చెప్పు.”

బాబాయి ఒప్పుకోలేదు. మనమే రాసుకున్నామని చెప్తే అభ్యర్థి పరువేం కావాలి, ఓట్లయ్యాక పోదువులే అన్నాడు. అప్పటిదాకా మిరపకాయ ఆగుతుందా అని బాబాయి మీద ఆఫీసు కప్పెగిరేలా అరిచాను. (ఆ అరుపు నా మీద నేను అరుచుకోవాల్సింది. అది నాకు అలవాటు లేదు.) ఆ ఊపులోనే చెప్పులేసుకుని కాకతో బస్టాండుకి నడిచాను.

పాల్వంచ దాకా బస్సు, షిఫ్టు దిగి నిద్రపోతున్న కంపెనీ వాళ్ళ మధ్య నిలబడి. అక్కణ్ణుంచి ఆటో. దారి చీలే చోట దిగగానే ఫ్లెక్సీ కనిపించింది. అభ్యర్థి నవ్వుతున్నారు. నా వాక్యం ఆయన ముఖం కన్నా పెద్దగా ఉంది. రాసేటప్పుడు అది ఫోన్లో వేలెడంత కూడా లేదు. కాక తల పక్కకు తిప్పి దాన్ని దాటాడు. రోజూ అలాగే దాటుతున్నాడని అర్థమైంది. అప్పటిదాకా నోట్లో ఉన్న అంకుల్ అనే మాట అక్కడే పోయి, కాక అనే పిలుపు వచ్చింది.

గూడెంలో ఎవరిదో కల్లం దగ్గర, ఎండబోసిన కాయల పక్కన ఓ ఇరవై మంది కూర్చుని ఉన్నారు. ఫోన్లో సిగ్నల్ వాగు దాటకముందే పోయింది. దారి పొడుగునా తయారు చేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాను. వెబ్‌సైట్ అంటే ఏంటి, జనం నాయకుడితో నేరుగా మాట్లాడటం ఎంత అవసరం, ఈ ప్రశ్న కేవలం నమూనా కోసం పెట్టింది అని. ఎవరూ అడ్డం రాలేదు. ముందు కూర్చున్న ముసలావిడ, అందరూ అవ్వ అంటున్నావిడ, కాయల్ని చేత్తో తిరగేస్తూ అడిగింది.

“గట్ల కాదు బిడ్డా. అడిగిందెవరు?”

“నేనే అవ్వా.”

“మరి చెప్పిన సారెవరు?”

“అదీ నేనే.”

ఆమె చెయ్యి ఆగింది. “అడిగింది నువ్వే, చెప్పింది నువ్వే. మల్ల నడుమ మా వాని పేరెందుకు?”

ఏ మాటకైనా ఎదురు చెప్పే నా నోరు, నలభై ప్రశ్నలకు ఒక్క పూటలో జవాబు రాసిన చెయ్యి, రెండూ అక్కడ పనికిరాలేదు. తప్పయింది అన్నాను. కాకకు చెప్పు అంది అవ్వ. కాకకు చెప్పాను. ఆయన నేల చూస్తూ తలూపాడు. కావాలంటే మీ చప్టా సంగతి నిజంగా సైట్‌లో పెడతాను అన్నాను, ఏదో ఒకటి చెయ్యాలని. అవ్వ వద్దంది. సారొస్తే మొఖం మీదనే అడుగుతం, రాకుంటే అది గూడ జవాబే గద అంది. అని లేచి, కొంగు నడుముకి బిగించి, కాక చేను వైపు నడిచింది. ఒకరి వెనక ఒకరు అందరూ లేచారు. పోతూ పోతూ నా వైపు తిరిగింది.

“చున్నీ ఒడి కట్టుకో. వచ్చినవ్ గద.”

పొద్దు వాలేదాకా ఏరాను. నేను నాలుగు కాయలు తెంపేలోపు పక్క వరసలో అవ్వ ఒడి నింపి గంపలో పోసి వస్తోంది. నా వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టయ్యాయి. చెమట తుడుచుకోబోయి కన్ను రుద్దుకున్నాను. తర్వాత సంగతి ఖమ్మం జిల్లా వాళ్ళకు చెప్పక్కర్లేదు. నేను చేలో కూలబడి ఏడుస్తుంటే కాక భార్య మజ్జిగ తెచ్చి చేతుల మీద పోసింది. ఈ పది రోజుల్లో కాక మొదటిసారి నవ్వింది నా ఏడుపు చూసేనని ఆమె చెప్పింది.

తిరిగొచ్చి మిగతా ముప్పై తొమ్మిదీ, మొదట్లో నేను రాసుకున్నదీ తీసేశాను. పేజీలో ఇక బోనకల్ రైలు ఒక్కటే మిగిలింది. ఫ్లెక్సీని బాబాయే స్వయంగా వెళ్ళి విప్పించాడు, కానీ ఓట్లయ్యేదాకా నాతో మాట్లాడలేదు. అభ్యర్థి ఆ గూడేనికి వెళ్ళనూ లేదు, గెలవనూ లేదు. ఓడిపోయినందుకు అందరినీ తిట్టారు గానీ వెబ్‌సైట్‌ని మాత్రం తిట్టలేదు. అదొకటి ఉందని ఆయనకి గుర్తే లేదు. నిజం చెప్పొద్దూ, అందుకు నేను కొంచెం నొచ్చుకున్నాను.

ఇప్పుడు ఏ నాయకుడి పేజీ తెరిచినా కింద వందల పేర్లు, అన్నీ పొగడ్తలే, అడగకముందే జవాబులు. నా వేలు ఏదో ఒక పేరు మీద ఆగిపోతుంది. ఈ పేరున్న మనిషి ఎక్కడో నిజంగా ఉంటే, ఆయన చేలో ఇవాళ ఏ పంట చేతికొచ్చి ఉందో అనుకుంటాను. నలభై ఊళ్ళ తరఫున తనే అడిగి, తనే హామీలిచ్చి, లేచి ఒళ్ళు విరుచుకుని, జనం ఎంత బాగా స్పందిస్తున్నారో అని సంబరపడిన ఆ పిల్ల మీద నాకు కోపం రావాలి. రాదు. నవ్వే వస్తుంది. కాసేపటికి అదీ ఆగిపోతుంది.