భూతద్దం సారు

సికింద్రాబాద్ కుర్రకారంతా సాఫ్ట్‌వేర్ కోర్సుల వెంట పరుగెడుతున్న రోజుల్లో, నేను ఉపగ్రహ చిత్రాల మీద అడవుల హద్దులు గీసే ఆఫీసులో చేరాను. ఎక్కడెక్కడి ఉష్ణదేశాల్లోనో అడవిని నరకకుండా ఆపితే గాలిలోకి చేరే కార్బన్ తగ్గుతుందట. ఏ అడవి నిలిచిందో, ఏది పోయిందో మా గీతలే చెప్పాలి. వాటిని సరిచూసేది అటవీశాఖలో రిటైరైన ఒక పెద్దాయన. కంప్యూటర్ తెరను కూడా భూతద్దం పెట్టే చూసేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఒక సాయంత్రం రిపోర్టు పంపబోతుండగా, నేను అడవిగా గుర్తించిన పెద్ద ముక్క మీద ఆ భూతద్దం ఆగిపోయింది.

"గిదేందీ బిడ్డా?"

"అడవేనండి. పచ్చగా ఉంది కదా!"

"చెట్లన్ని మా తిరుమలగిరి మిలిట్రీ సిపాయిల లెక్క లైన్ల నిలవడ్డయ్ సూడు. అడివి గిట్ల నిలవడ్తదా?"

పెద్దది చేసి చూశాను. అడవిని కొట్టేసి నాటిన ఆయిల్‌పామ్ తోట అది. చచ్చిపోయిన అడవిని నేను బతికున్నట్టు చూపించాను. సారు రిపోర్టు ఆపించి, అందరికీ చాయ్ తెప్పించి, మొత్తం మళ్లీ గీయించారు.

ఆయన ఉద్యోగం మానేసిన రోజు మేమంతా కలిసి పది మొక్కల కుండీలు కొని, ఆయన బల్ల మీద ముచ్చటగా వరసలో పేర్చాం. సారు భూతద్దం తీసి తీరిగ్గా చూశారు. ఒక కుండీని ముందుకు లాగారు. ఒకదాన్ని వెనక్కి నెట్టారు. రెండింటిని ఒకదానికొకటి ఆనించారు.

"గిప్పుడు జెర అడివి లెక్కున్నది" అన్నారు.