బండ వెనక రాసిన రోజు

పోయిన ఆదివారం పొద్దున తాండూరు నుంచి అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, జర వస్తవా? ఇంటెనక బట్టలుతికే కాడ బండలు వేయిస్తున్న. ఒక బండకు ఎనక దిక్కు మీ బావ ఏందేందో రాసిండు. అండ్ల నీ ముచ్చట గూడ ఉన్నది" అంది. సరే అన్నాను. ఈ వానాకాలం మొదట్లో బావ పోయినప్పటి నుంచి నేను అన్నిటికీ సరే అంటున్నాను. అన్నం వడ్డించనా అంటే సరే, ఆగమంటావా అంటే సరే. మా ఆవిడ విసుగొచ్చి ఒకరోజు, "ఉప్పు లేని కూర పెట్టిన, మీకు తెలుస్తనే లేదు" అంది. నిజంగానే తెలియలేదు. ప్లేటు ఖాళీ చేసి చెయ్యి కడుక్కున్నానట. వికారాబాద్ స్టేషన్‌కి నడిచి వెళ్లి, వచ్చిన రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ధారూరు దాటాక కంది చేలు పూత మీద ఉన్నాయి. పూత బాగుందని తెలిసింది గానీ, బాగుందని అనిపించలేదు.

బావ అంటే మా అక్క భర్త. తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్లో కూలీగా చేరి, ఇరవై ఏళ్లకు రెండు మిషన్ల చిన్న యూనిట్ తనదే పెట్టుకున్నాడు. నాపరాయిని మిషను కింద పెట్టి నీళ్లు పోస్తూ రుద్దుతుంటే షెడ్డంతా తెల్లటి బురద పారుతుంది. దాని మీద కొత్తవాళ్లెవరైనా రెండడుగులు వేస్తే మూడోది నడుము మీదే. మొదటిసారి నేను వెళ్లినప్పుడు అలాగే పడ్డాను. బావ నవ్వకుండా లేపి, "కాలెత్తితే పడతవ్ బామ్మర్ది. ఎత్తద్దు, ఈడ్వాలె" అన్నాడు. ఆయన మాత్రం ఆ బురద మీద అటు నుంచి ఇటు సర్రున జారుకుంటూ పోయేవాడు, భుజాన బండ ఉన్నా సరే. ఆ నడక ఆయనకు ఎంత అలవాటైందంటే, పొడి నేల మీద కూడా కాలెత్తేవాడు కాదు. నా పెళ్లిలో చుట్టాల మధ్య అలాగే పాదాలు ఈడుస్తూ తిరుగుతుంటే అక్క, "నేలకు ఇస్త్రీ చేస్తున్నవా ఏంది, జర మంచిగ నడువు" అని అందరి ముందూ అరిచింది.

అటువంటి మనిషికి ఒకరోజు ఫోన్లో మంచుకొండ కనిపించింది. రెండు పొడుగాటి పట్టీలు కాళ్లకు కట్టుకుని ఎవరో తెల్లటి వాలు మీద జారుకుంటూ వస్తున్నాడు, కింద జనం చప్పట్లు కొడుతున్నారు. దాన్ని స్కీయింగ్ అంటారని నేను చెప్పాను. బావ ఆ పేరు ఒక్కసారి పలికి, నోటికి తిరగక వదిలేసి, చివరిదాకా 'మంచుల జారుడు' అనే అన్నాడు. "గీ పని నేను ముప్పై ఏండ్ల సంది చేస్తున్న. నాకెవ్వడు చప్పట్లు కొట్టలె" అన్నాడు. ఆ రోజు నుంచి అదే ధ్యాస. హిమాచల్ పోవాలి, ఒక్కరోజు జారాలి, తిరిగి రావాలి. అంత దూరం పోయి ఒక్కరోజేమిటి బావా, రెండు రోజులుందాం అంటే ఒప్పుకోలేదు. "ఒద్దు. రెండో దినం పోతే అది పనైతది" అన్నాడు. నేను వెంట ఉండాల్సిందే, ఎందుకంటే నేను హిందీ టీచర్ని. ఆయన దగ్గర మిషను నడిపే చాచా ఇది విని తల పట్టుకున్నాడు. "సార్ హిందీ రేడియోల వచ్చే హిందీ భాయ్. బూట్లు కిరాయికిచ్చెటోడు రేడియో వింటడా? నీ హిందీనే మస్తుగ నడుస్తది" అన్నాడు. చాచాతో రోజంతా దక్కనీ ఉర్దూ మాట్లాడే బావకి నాకంటే బాగా హిందీ వచ్చన్నది నిజమే. అయినా బావ వినలేదు. "ఆడు లేకుంట నేను పోను" అన్నాడు.

యూనిట్లో కాగితం బతకదు, తడిసిపోతుంది. అందుకని ఆర్డర్లూ కొలతలూ అన్నీ బండ వెనక, పాలిష్ పట్టని గరుకు వైపు, ఎర్ర పెయింటులో పుల్ల ముంచి రాస్తారు. మంచురోజు కార్యక్రమం కూడా బావ అలాగే రాశాడు. మేము ముగ్గురం బండ చుట్టూ కూర్చుని గంట గంటకూ కొట్లాడుకున్నాం. ఐదుకు లేచుడు. ఆరుకు ఛాయ్, మనిషికి రెండు. ఏడుకు బూట్లు కిరాయి, బామ్మర్ది మాట్లాడాలె. ఎనిమిదికి పడుడు. తొమ్మిదికి లేచుడు నేర్చుకునుడు. పదికి జారుడు. పన్నెండుకు జొన్నరొట్టె, కందిపొడి. ఒకటి నుంచి మళ్ల జారుడు. నాలుగుకు కింద కూసొని చూసుడు. పడడానికి గంటసేపు ఎందుకని నేనడిగాను. "కొత్త నేల మీద పడకుంట ఎవ్వడు నిలబడడు. దానికి టైమియ్యకుంటే పగలంత పడుతనే ఉంటవ్" అన్నాడు. చాచా అక్కడికీ, మంచు బురద లెక్క ఉండదు భాయ్, పొడిగ ఉంటదట అని చెప్పి చూశాడు. బావ కొట్టిపారేశాడు. తెల్లగ ఉన్నది, తడిగ ఉన్నది, జారుతది, ఇంకేం గావాలె అన్నాడు.

సాధన కూడా చేశాం. యూనిట్ల బురద ఎండబోసిన తెల్లటి గుట్ట ఒకటి ఊరి బయట ఉంటే, దాని మీద నీళ్లు చల్లి, ప్యాకింగు చెక్కలు కాళ్లకు తాళ్లతో కట్టుకుని బావ జారాడు. నాలుగు గజాలు అద్భుతంగా జారాడు. ఐదో గజం దగ్గర చెక్కలు బురదలో దిగబడి నిలిచిపోయాయి, బావ మాత్రం ముందుకు పోయాడు. లేచేసరికి కనుబొమ్మలతో సహా తెల్లగా ఉన్నాడు. నన్ను కూడా ఎక్కమన్నాడు. మోకాలు నొప్పని చెప్పాను. అయితే మోకాళ్లకు బలం రావాలని ఆదివారాలు వికారాబాద్ వచ్చి నన్ను అనంతగిరి తీసుకెళ్లి, వాలులో దిగడం నేర్పాడు. ఆయన ఈడుస్తూ ముందు పోయేవాడు, నేను చెట్లు పట్టుకుంటూ వెనక దిగేవాణ్ణి. మధ్యమధ్య ఆయన ఆగి దగ్గేవాడు. చలికి అనుకున్నాం.

ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. నాకు ఎత్తంటే భయం. చిన్నప్పుడు డాబా అంచున నిలబడినా అరికాళ్లు తిమ్మిరెక్కేవి. యాభై దాటిన మగవాణ్ణి, పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి, ఆ మాట బావతో అనలేకపోయాను. మొదటి చలికాలం టికెట్లు తీద్దామన్నప్పుడు, హెడ్మాస్టరు సెలవు ఇవ్వనన్నాడని చెప్పాను. అసలు నేను సెలవు అడగనే లేదు. పాపం ఆయన మెత్తటి మనిషి. ఆ ఏడే ఇల్లు కట్టుకుంటుంటే, బండలకు మా బావ దగ్గరికి పోండి సార్ అని నేనే పంపాను కూడా. రెండో చలికాలం పదో తరగతి స్పెషల్ క్లాసులున్నాయన్నాను. "ఏం ఫికర్ లేదు బామ్మర్ది, మంచు ఏడికి పోదు" అన్నాడు బావ. మూడో చలికాలానికి ఆయన షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు పోతే రెండుసార్లు ఆగాల్సి వస్తోంది. హైదరాబాద్ డాక్టరు ఊపిరితిత్తుల ఫోటో వెలుతురుకు పట్టి చూపించి, ముప్పై ఏళ్ల రాతిపొడి అన్నాడు, ఎత్తు ప్రదేశాలకు అసలే పోవద్దన్నాడు. ఆ మాట వినగానే బావ మొహం చూడలేక కిటికీ వైపు తిరిగాను. నాకు లోపల హాయిగా అనిపించింది. సిగ్గులేని హాయి. బహుశా నాకు గట్టిగా ఏదైనా అనిపించడం అదే ఆఖరు.

బావ పోయిన రోజు ఇల్లంతా ఏడుస్తుంటే నేను గోడకానుకుని, కింది బండల మధ్య గీతలు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో చూస్తూ కూర్చున్నాను. చాచా వచ్చి నా భుజం పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయన వీపు నిమిరాను, బల్లను నిమిరినట్టే ఉంది. అందరూ నేను గట్టివాణ్ణన్నారు.

తాండూరులో దిగి ఇంటికి చేరేసరికి మేస్త్రి సిమెంటు కలుపుతున్నాడు. బట్టలుతికే చోట నునుపు పైకి వేస్తే జారి పడతారని, అక్కడ ఎవరైనా గరుకు వైపే పైకి వేస్తారు. బావ యూనిట్ మూసేసినప్పుడు మిగిలిన బండలు తిరగేస్తే ఇది బయటపడింది. ఎర్ర రాత కొంచెం వెలిసింది, అంతే. ఐదు, ఆరు, ఏడు, అన్నీ ఉన్నాయి. పడుడు ఉంది. అన్నిటికంటే కింద, నేనెప్పుడూ చూడని మూడు వరసలున్నాయి, తర్వాతెప్పుడో రాసినవి: బామ్మర్దికి భయం. తొందర పెట్టద్దు. నేను కింద నిలబడ్త.

రెండుసార్లు చదివాను. "నాకు భయమని ఎవరు చెప్పిన్రక్కా?" అన్నాను.

"ఎవ్వరు చెప్తరు? మీ హెడ్మాస్టరు బండలకొచ్చినప్పుడు మీ బావనే అడిగిండు, మా బామ్మర్దికి ఒక వారం సెలవియ్యరాదా సార్ అని. ఆయన అడిగితే గదా నేనిచ్చేది, అన్నడట ఆ సారు. అనంతగిరిల చెట్లు గావలిచ్చుకునుడు గూడ చూసిండు గదా. ఇంటికొచ్చి నాతోని చెప్పి మస్తు నవ్విండు."

"మరి నన్నెందుకు అడగలే?"

"నువ్వు చిన్నవోతవని. భయం నూకితె పోదు, దానంతలదే పోవాలె, అప్పటిదాంక ఆగుదమన్నడు." అక్క కొంగుతో బండ మీది దుమ్ము తుడిచింది. "నేను గూడ ఊకున్న తమ్మీ. ఊకుండకపోవాల్సింది."

మేస్త్రి తాపీ పట్టుకుని మా ఇద్దరినీ చూసి, "అక్కా, గీ రాత గీకెయ్యాల్నా?" అన్నాడు. "ఉండనీ" అంది అక్క. నీళ్లకూ సబ్బుకూ ఏడాదిలో పోతుంది కదా అన్నాను. "పోనీ. పోయేదాంక సదువుకుంట" అంది. బండ వేసేశాక, రేపటిదాకా ఎవరూ తొక్కొద్దని చెప్పి మేస్త్రి వెళ్లిపోయాడు.

హెడ్మాస్టరుకు ఫోన్ చేసి సోమవారానికి సెలవు అడిగాను. ఆయన ఎందుకని కూడా అడగలేదు, తీసుకోండి అన్నాడు. ఫోను పెట్టేసి ఎంత సేపు పట్టిందో చూశాను, నిమిషం కూడా కాలేదు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి చెప్పులు విడిచి ఆ బండ మీద నిలబడ్డాను. కాలెత్తకుండా, ఈడుస్తూ, ఐదు గంటల వరస నుంచి నాలుగు గంటల వరసదాకా నడిచి, ఆఖరి మూడు వరసల దగ్గర ఆగాను. అప్పుడు కూడా ఏడుపు రాలేదు. కానీ బండ చల్లగా ఉందని అరికాళ్లకు తెలిసింది. చాలా రోజులకు తెలిసింది. అక్క ఛాయ్ తెచ్చి చేతికిచ్చింది, తాగాక ఇంకోటి తెచ్చింది. నన్ను తొందర పెట్టకుండా బావ నాకు వదిలిన ఆ మూడు చలికాలాలే, ఆయన దగ్గర మిగిలి ఉన్న మొత్తం కాలమని, ఆ అబద్ధాలు చెప్పేటప్పుడు నాకు తెలియదు.