చెట్ల నడుమ పడుగు

గద్వాల నేతగాళ్ల వాడలో, ఇరుకిళ్ల మధ్య ఓ మూల చెత్త పోసే ఖాళీ జాగాలో చిన్న అడవి పెంచారు. బస్సుకు టైముందని లోపలికి తొంగిచూశాను. ఓ అవ్వ చీర పడుగు పోగులు సాగదీస్తోంది.

"అడవంటే పులుండాలి కదా మామ్మా?" అన్నాను.

"మగ్గం కాడ గుర్రుమంటుండు, మా ముసలోడు. నువ్వు జర ఈ కొస పట్టుకో బిడ్డా."

పడుగు సాగదీయడానికి వాడలో అదొక్కటే జాగా. అందుకే నడుమ పొడుగునా బాట వదిలి చెట్లు నాటారట.

"ఎండకు పోగులు తెగుతుండె. ఇప్పుడు నీడల మెత్తగుంటున్నయి."

ఇంతలో హారన్ మోగింది.

"మామ్మా, నా బస్సు!"

"ఇడిస్తే చీరంత చిక్కుపడ్తది. ఇంకో బస్సు రాదా ఏంది?"

నేను వదల్లేదు. బస్సు చప్పుడు దూరమైపోయింది. ఎర్రటి పోగుల మీద ఆకుల నీడలు ఊగుతుంటే, ఆ చీర కట్టబోయే మనిషెవరో అప్పుడే నా ముందు నడిచివెళ్తున్నట్టుంది.