అక్క రిమోట్

ఆబిడ్స్‌లో మా పెళ్లికార్డుల దుకాణం మూసేసిన రోజు సేఠ్ మా అందరి చేతుల్లో తలా ఒక మిఠాయి డబ్బా పెట్టాడు. దసరాకు ఇచ్చే డబ్బానే. మనిషి మంచివాడే, ఏమివ్వాలో తోచక ఇచ్చి ఉంటాడు. కానీ ఉద్యోగం ఊడినవాడు మిఠాయి పట్టుకుని ఇంటికి పోవడమంత దరిద్రం ఇంకోటి లేదు. గల్లీ మొదట్లో పక్కింటాయన ఎదురై "ఏంది, ఖుష్‌ఖబరా?" అని అడిగితే, డబ్బా తెరిచి ఆయనకో లడ్డూ ఇచ్చి తల వంచుకుని వచ్చేశాను.

నా పని కంప్యూటర్ మీద కార్డులు కూర్చడం. వధూవరుల పేర్లు, పెద్దల పేర్లు, పోయినవాళ్ల పేరు ముందు కీ.శే. అది మరిచిపోతే ఎంత రభస అవుతుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అలాంటి నేను, నా సొంత పెళ్లికార్డులో పిలిచేవాళ్ల వరసలో మా అక్క పేరు పెట్టి, దాని ముందు కీ.శే. పెట్టలేదు. చెయ్యి రాలేదు. ఆ కార్డు చదివి నా భార్య మేనత్త, పల్లెటూరి పెద్దావిడ, ఆడబిడ్డ బతికే ఉందనుకుని లాంఛనంగా పట్టుచీర కొనుక్కొచ్చింది. పందిట్లో అందరిముందూ "ఆడిబిడ్డ ఏది? ముంగటికి రమ్మనున్రి" అని ఆవిడ పిలుస్తుంటే మా అమ్మ లేచి బయటికి వెళ్లిపోయింది. ఆ చీర ఇప్పటికీ మా ఇనప బీరువాలో ఉంది. ఎవరూ కట్టలేదు, ఎవరికీ ఇవ్వలేదు.

అక్క కోఠిలో డిగ్రీ చదువుతుండగా ఒక వానాకాలం జ్వరం వచ్చింది. దవాఖానకు తన కాళ్ల మీద తనే నడిచి వెళ్లింది. తిరిగి నడిచి రాలేదు. నాకప్పుడు మీసాలు కూడా సరిగ్గా రాలేదు.

మేము పెరిగింది నాంపల్లిలో, రైళ్ల అనౌన్స్‌మెంట్లు వంటింట్లోకి వినిపించే కిరాయి ఇంట్లో. ఇప్పుడు అమ్మా నాన్నా కూడా లేరు. అదే ఇంట్లో నేనూ నా భార్యా ఉంటున్నాం. ఆమె దగ్గర్లోని బడిలో టీచరు. ఖాళీగా కూర్చోవడమెందుకు, సజ్జ మీద సామాను దులపమని పొద్దున్నే చెప్పి ఆమె బడికి వెళ్లిన రోజు ఆ అట్టపెట్టె దొరికింది. లోపల మా పాత టీవీ గేమ్, వైరు చుట్టిన రెండు రిమోట్లు, బొమ్మ చిరిగిపోయిన ఒక క్యాసెట్.

ఆబిడ్స్ సందుల్లో వెతికితే దాన్ని కొత్త టీవీకి తగిలించే చిన్న డబ్బా దొరికింది. దుకాణం మూతపడ్డాక నేను అటువైపు వెళ్లింది దానికోసమే. క్యాసెట్‌లోకి గట్టిగా ఊది, పెట్టి, మీట నొక్కాను. ఆట ముందొచ్చే ఆ పాట మొదలైంది. ఇల్లంతా ఎవరో నిద్రలేచినట్టయింది.

నా చేతిలోకి దానంతట అదే రెండో రిమోట్ వచ్చింది. నొక్కితే ఆట మొదలు కాలేదు. ఎలా అవుతుంది? ఆ సెట్లలో స్టార్ట్ బటన్ మొదటి రిమోట్‌కే ఉండేది. మొదటిది ఎప్పుడూ అక్కదే. మొదలుపెట్టాలన్నా ఆపాలన్నా అక్కే. నేను "ఆపవే, నీళ్లు తాగొస్తా" అని బతిమాలితే, "అడిగే పద్ధతి గట్ల ఉంటదా?" అనేది. అందుకని అక్క రిమోట్ తీసి స్టార్ట్ నొక్కి, ఆమె కూర్చునే చోట గచ్చు మీద పెట్టి, నా రిమోట్ పట్టుకున్నాను. తెర మీద ఇద్దరు సిపాయిలు దిగారు. నీలం అక్క, ఎరుపు నేను.

ఆ ఆటలో ఇద్దరిలో ఒకరు వెనక నిలబడిపోతే తెర ముందుకు కదలదు. కాబట్టి నేను కొంచెం నడిచి, అక్క రిమోట్ తీసుకుని ఆమెను నా దాకా తెచ్చి, మళ్లీ నాది పట్టుకుని నడిచేవాణ్ని. ఒంటరి ఆట పెట్టుకుంటే ఈ తిప్పలుండవు. కానీ ఒంటరి ఆట ఆడాలంటే మొదటి రిమోట్ పట్టుకుని ఆమె చోట్లో కూర్చోవాలి. అది నా వల్ల కాలేదు.

సిపాయికి ఉండే ప్రాణాల్ని మేం జాన్లు అనేవాళ్లం. హైదరాబాద్ పిల్లలందరూ అంతే. మనవి అయిపోతే ఒక బటన్ నొక్కి తోడువాడి జాన్ తీసుకోవచ్చు. అక్క రూలు ఏమిటంటే అడిగి తీసుకోవాలి. "అక్కా, ఒక జాన్ ఇయ్యవా" అంటే ఏడిపించి, ఏడిపించి ఇచ్చేది. ఇప్పుడు అడగకుండానే తీసుకుంటున్నాను. చచ్చిపోయిన మనిషి జాన్లు ఖర్చుపెట్టుకుంటూ మధ్యాహ్నాలు గడుపుతున్నానని ఒకరోజు హఠాత్తుగా తట్టింది. అయినా మానలేదు. ఆమె ఆఖరి జాన్ మాత్రం ముట్టేవాణ్ని కాదు. అదీ పోతే తెర మీద అక్క ఉండదు. నేను చచ్చి, అక్క ఒక్కతే నిలబడి ఉండగా టీవీ కట్టేసేవాణ్ని.

ఇంకో సంగతి చెబితే నవ్వుతారు. కర్టెన్ వేసుకుని ఆడుతుంటే, గచ్చు మీది రిమోట్ ఎవరూ ముట్టకుండానే నీలం సిపాయి అప్పుడప్పుడూ తుపాకి పేల్చేది. బటన్ కింద మురికి పేరుకుని ఉంటుంది, విప్పి తుడిస్తే సరిపోతుంది. ఆ మాత్రం నాకు తెలుసు. విప్పలేదు. అది ఎప్పుడు పేలుతుందా అని ఆట మానేసి ఎదురుచూసేవాణ్ని. పేలితే ఆ పూటకి కడుపు నిండినట్టుండేది. పేలని రోజు అన్నం సహించేది కాదు.

ఈలోగా పాత తోటిపనివాడొకడు ఫోన్ చేశాడు. హిమాయత్‌నగర్‌లో ఫ్లెక్సీలు, బోర్డులు చేసే షాపుకు డిజైన్ చేసేవాడు కావాలట. రేపొస్తానన్నాను. వెళ్లలేదు. జ్వరమన్నాను. ఇంకోసారి చుట్టాలన్నాను. వాడికి విసుగొచ్చి ఈసారి నా భార్యకే చేశాడు. సోమవారం రాకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటారని, ఇక తను మాట సాయం చెయ్యలేనని చెప్పాడు. ఆమె ఆ సంగతి నాకు చెప్పి ఊరుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆదివారం. పాట మొదలవగానే ఆమె వంటింట్లోంచి వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుని, అక్క చోట్లో కూర్చుంది. గచ్చు మీది రిమోట్ తీసుకుంది.

"అది ముట్టకు," అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

"ఎందుకు?"

"అది అక్కది."

ఆమె కింద పెట్టలేదు. "తెల్సు. నీకు నౌకరి లేదు, ఆమెకు పానం లేదు. వండేది ఇద్దరికే, కాపురం ముగ్గురితోని. ఇన్నొద్దులు నేనేమన్న అన్ననా? రేపు గాడికి పోతవో పోవో నాకు తెల్వది. గందుకే కూసున్న. ఏది ఒత్తాలె, చెప్పు."

చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమెకు ఆట రాదు. మొదటి గోతిలోనే పడింది. "అయ్యో, తప్పైంది వదినె," అంది. నాతో కాదు. మళ్లీ పడింది. "తప్పైంది వదినె." ఎన్నడూ చూడని మనిషిని ఆమె వరస పెట్టి పిలుస్తోంది.

"జాన్లంటే పానాలే గద? ఇంకెన్నున్నయి?"

"ఒక్కటే. జర ఆగు."

ఆమె ఆగింది. నీలం సిపాయి గోతి అంచున నిలబడింది. ఇద్దరం తెర వైపే చూస్తున్నాం. ఆమె వేళ్లు కదల్లేదు, నేను చూస్తూనే ఉన్నాను, సిపాయి ఒకసారి తుపాకి పేల్చింది. ఆమె ఉలిక్కిపడి నా వైపు చూసింది. తర్వాత ఆమె కళ్లు మూసుకుని బటన్ నొక్కింది. సిపాయి ఎగిరి, గోతిలోకి వెళ్లిపోయింది.

ఎరుపు సిపాయి ఒక్కడే మిగిలాడు. అలా నేనెప్పుడూ చూడలేదు. చిన్నప్పుడూ ముందు చచ్చేది నేనే. వేలు తగిలి ఉంటుంది, సిపాయి నడిచాడు. వెనక ఎవరూ లేరు కాబట్టి తెర మెత్తగా కదిలింది. వంతెన దాటాను, గుహ దాటాను, అక్క ఎప్పుడూ చచ్చిపోయే జలపాతం కూడా దాటాను. ఆ పైన మంచు కురుస్తోంది. ఆ చోటు నాకు తెలియదు. అక్కకూ తెలియదు. ఆమెకు ఇరవై ఏళ్లు నిండలేదు, నాకు చెంపలు నెరిశాయి. ఆమెను దాటి వచ్చేసి ఎంత కాలమైందో, ఇప్పటిదాకా నేను లెక్కలోకి తీసుకోలేదు.

వేళ్లు ఆగిపోయాయి.

"ఏమైంది? పో ముంగటికి," అంది ఆమె.

"గాడ ఏమున్నదో తెల్వదు. భయమైతుంది," అన్నాను. దుకాణం మూసినప్పటినుంచి ఆ మాట ఎవరితోనూ అనలేదు. అక్కను మోసుకెళ్లిన రోజు కూడా అనలేదు.

ఆమె రిమోట్ గచ్చు మీద పెట్టి నా పక్కకు జరిగింది. మోచేతికి మోచెయ్యి తగిలింది. చల్లగా ఉంది.

"నాగ్గూడ," అంది. "ఇంట్ల ఇంకో మనిషున్నదని ఇన్నొద్దులు ధైర్నంగుండె. ఇగ ఇద్దరమే."